తేలిక షూకు అసలు తూకం

2023 సెప్టెంబరు 24న బెర్లిన్ మారథాన్‌ను ఇథియోపియా క్రీడాకారిణి టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో ముగించారు. అంతకుముందున్న మహిళల ప్రపంచ రికార్డు కంటే ఇది రెండు నిమిషాలకు పైగా తక్కువ. పరుగు ముగిశాక ఆమె కాలి షూ ఒకటి తీసి కెమెరాల ముందు పైకెత్తి చూపారు. అడిడాస్ తయారుచేసిన ఆ షూ ఒక్కోటి 138 గ్రాములు. అప్పట్లో జత ధర 500 డాలర్లు. దాన్ని ఒక్క మారథాన్ కోసమే చేశామని, ముందుగా కాలికి అలవాటు చేసుకోవడానికి కొన్ని కిలోమీటర్లు కలుపుకోవచ్చని కంపెనీయే చెప్పింది.

ఆ రెండు నిమిషాల్లో అసెఫా కాళ్ల వాటా ఎంత, షూ వాటా ఎంత? గడియారం చూసి దీనికి జవాబు చెప్పలేం. ఆ రోజు గాలి ఎలా ఉంది, పక్కన ఎవరు పరిగెత్తారు, గత ఆరు నెలల సాధన ఎలా సాగింది అన్నవన్నీ ముగింపు సమయంలో కలిసిపోతాయి. అందుకే షూను పరీక్షించే శాస్త్రవేత్తలు వేగాన్ని ముందే ఖాయం చేసి, ఆ వేగానికి శరీరం ఎంత ఖర్చు పెడుతోందో కొలుస్తారు.

పద్ధతి వినడానికి సులువే. పరిగెత్తేవారిని ట్రెడ్‌మిల్ ఎక్కించి ముక్కుకు, నోటికి కలిపి గొట్టం అమరుస్తారు. ఒక షూతో అయిదు నిమిషాలు ఒకే వేగంతో పరిగెత్తిస్తారు. మొదటి మూడు నిమిషాల్లో ఊపిరి ఇంకా సర్దుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ లెక్క వదిలేస్తారు. చివరి రెండు నిమిషాల్లో పీల్చుకున్న ఆక్సిజన్, వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంతో చూసి, క్షణానికి ఎంత శక్తి ఖర్చయిందో తేలుస్తారు. వేగం మరీ ఎక్కువైతే ఈ లెక్క చెల్లదు. ఆయాసం హద్దు దాటాక కండరాలు ఆక్సిజన్‌తో పనిలేని దారిలోనూ శక్తి పుట్టిస్తాయి. ఊపిరిలో దాని జాడ పూర్తిగా కనిపించదు. ఎంత గొప్ప క్రీడాకారుడికైనా ఈ పరీక్ష శరీరం ఎక్కువసేపు నిలకడగా మోయగల వేగంలోనే జరగాలి.

ముందు బరువు సంగతి చూద్దాం. ఒక్కో షూకు 100 గ్రాములు పెరిగితే పరుగు ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుందని 1980లలోనే కొలిచారు. అయితే ఖర్చు పెరిగినంత మాత్రాన వేగం నిజంగా తగ్గుతుందా అన్నది చాలాకాలం ఎవరూ సరిగా తేల్చలేదు. 2016లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో వౌటర్ హూగ్‌కామర్, రాజర్ క్రామ్ బృందం దానికో చక్కటి ప్రయోగం చేసింది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇదే. 5 కిలోమీటర్లను 20 నిమిషాల లోపు పరిగెత్తగల 18 మందిని తీసుకున్నారు. పైకి ఒకేలా కనిపించే షూలలో కొన్నిటి నాలుక భాగంలో సీసపు గుళ్లు దాచారు. కొన్నిటికి 100 గ్రాములు, కొన్నిటికి 300 గ్రాములు అదనం. పరీక్ష దేని గురించో పరిగెత్తేవారికి చెప్పలేదు. ట్రెడ్‌మిల్ మీద ప్రతి 100 గ్రాములకు ఖర్చు 1.11 శాతం పెరిగింది. ట్రాక్ మీద 3,000 మీటర్లు పరిగెత్తినప్పుడు ప్రతి 100 గ్రాములకు సమయం 0.78 శాతం పెరిగింది. పరిగెత్తేవారికి తెలియకుండా దాచగలిగారు కనుకే ఈ ఫలితానికి అంత విలువ. కొత్త షూ వేసుకున్నామన్న ఉత్సాహమే మనిషిని ఓ అడుగు ముందుకు తోస్తుంది. ఆ ఉత్సాహాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలిందే షూ చేసిన పని.

నడుముకు కట్టుకున్న 100 గ్రాములకు ఇంత ఖర్చు ఉండదు, పాదానికి కట్టుకుంటేనే ఉంటుంది. పొలంలో వడిసెల తిప్పినప్పుడు చేతి దగ్గరున్న తాడు కంటే కొసనున్న రాయే ఎక్కువ బలం కోరుతుంది. కాలు కూడా అలాగే తుంటి దగ్గర నుంచి ఊగుతుంది, షూ దాని కొసన ఉంటుంది. ప్రతి అడుగుకూ దాన్ని పైకి లేపాలి, ముందుకు విసరాలి, మళ్లీ ఆపాలి. నాలుగు గంటలకు పైగా మారథాన్ పరిగెత్తేవారు దాదాపు 40 వేల అడుగులు వేస్తారు, అంటే ఒక్కో పాదం 20 వేల సార్లు లేస్తుంది. ఆ లెక్కన ఒక్క షూలోని అదనపు 100 గ్రాములు పరుగు ముగిసేసరికి రెండు టన్నులు ఎత్తిన పనితో సమానం.

అలాగైతే షూయే లేకపోతే అన్నిటికంటే మేలు కావాలి కదా? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్లతో పరిగెత్తి మారథాన్ స్వర్ణం గెలిచారు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో షూ వేసుకుని మళ్లీ గెలిచారు, అప్పుడు మూడు నిమిషాలు తక్కువ పట్టింది. రెండు ఊళ్లు, రెండు దారులు కాబట్టి దీన్ని పరీక్షగా తీసుకోలేం. బౌల్డర్ బృందమే 2012లో ఆ పరీక్షా చేసింది. వట్టి కాళ్ల పరుగుకు అలవాటుపడ్డవారికి 150 గ్రాముల షూ తొడిగి చూస్తే, షూ ఉన్నా లేకున్నా ఖర్చు దాదాపు సమానంగా తేలింది. వట్టి పాదానికి సీసపు పట్టీలు కట్టి షూతో సమానమైన బరువు చేసినప్పుడు మాత్రం షూ వేసుకున్న పరుగే 3 నుంచి 4 శాతం చవకైంది. బరువు వల్ల షూ ఎంత తీసుకుంటోందో, మెత్తదనం వల్ల అంత తిరిగి ఇస్తోందన్నమాట. తర్వాత ట్రెడ్‌మిల్ పట్టా మీదే 10 మిల్లీమీటర్ల ఫోమ్ అతికించి వట్టి కాళ్లతో పరిగెత్తిస్తే, షూ లేకుండానే దాదాపు 2 శాతం ఆదా కనిపించింది. నేల తాకిడిని ఫోమ్ కొంత తీసుకుంటే, ఆ పని నుంచి తొడ, పిక్క కండరాలకు విడుపు దొరుకుతుంది.

తేలిగ్గా ఉండాలి, అదే సమయంలో మందంగా, మెత్తగా ఉండాలి. పాత ఫోమ్‌తో ఈ రెండూ కుదిరేవి కావు. 2017లో వచ్చిన నైకీ వేపర్‌ఫ్లైలో పెబా అనే ప్లాస్టిక్ ఫోమ్, దాని మధ్యలో వంపు తిరిగిన కార్బన్ ప్లేట్ ఉన్నాయి. దాని నమూనాను కూడా బౌల్డర్‌లోనే పరీక్షించారు. 18 మంది మేటి పరుగువీరులు, మూడు రకాల షూలు, గంటకు 14, 16, 18 కిలోమీటర్ల వేగాలు. బరువు తేడా లెక్కలోకి రాకుండా, తేలికైనవాటికి సీసం కలిపి మరీ మూడింటి బరువూ సమానం చేశారు. అయినా అది సగటున 4 శాతం శక్తి ఆదా చేసింది. 18 మందిలో ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత లాభం వచ్చింది. అందరికంటే తక్కువ లాభపడ్డవారికి 1.59 శాతం, ఎక్కువ లాభపడ్డవారికి 6.26 శాతం. బరువుతో నిమిత్తం లేకుండా వచ్చిన లాభం కావడం వల్లే షూల తయారీ ఆ తర్వాత దారి మార్చుకుంది.

రహస్యం ఎక్కడుందో చూడటానికి షూను యంత్రం కింద పెట్టి, పాదం నొక్కినట్టే నొక్కి వదిలారు. నొక్కడానికి పెట్టిన శక్తిలో 87 శాతాన్ని కొత్త ఫోమ్ తిరిగి ఇచ్చింది. పోల్చిన రెండు షూలు ఇచ్చింది 75.9, 65.5 శాతాలు. అంతకంటే ముఖ్యంగా, కొత్త షూ మిగతావాటికి దాదాపు రెట్టింపు లోతుకు కుంగింది. ఎక్కువ కుంగితే ఎక్కువ శక్తి దాచుకుంటుంది, దాచినదాన్ని తిరిగి ఇస్తుంది.

అంగడిలో మాత్రం పేరంతా కార్బన్ ప్లేట్‌కే వచ్చింది. ఆ పేరు అంతగా తగదని నా అభిప్రాయం. హూగ్‌కామర్ తర్వాత మరో ప్రయోగంలో వేపర్‌ఫ్లై ముందుభాగంలో ప్లేట్‌ను అడ్డంగా ఆరు చోట్ల కోసేశారు. ప్లేట్ బిగువు పోయింది, ఫోమ్ అలాగే ఉంది. ఖర్చులో తేడా అర శాతం దగ్గరే ఆగింది. అంత మందమైన మెత్తటి ఫోమ్ పక్కకు ఒరగకుండా నిలబెట్టడంలో ప్లేటుకు పాత్ర ఉండొచ్చు. స్ప్రింగులా మనిషిని ముందుకు విసిరేది అదేనన్న మాటకు మాత్రం ఈ ప్రయోగంలో బలం దొరకలేదు. ప్లేటుందని చెప్పి మామూలు ఫోమ్‌తో అమ్మే షూలు చాలా ఉన్నాయి. కొనేవారు ముందు అడగాల్సింది ఫోమ్ ఏదని.

వేపర్‌ఫ్లై నమూనాను పరీక్షించిన 2017 అధ్యయనానికి డబ్బు ఇచ్చింది నైకీయే, రచయితల్లో ఆ కంపెనీ ఉద్యోగులూ ఉన్నారు. ఆ సంగతి వారే వ్యాసంలో చెప్పారు. తర్వాత వేరే ప్రయోగశాలలు కూడా ఇంచుమించు అలాంటి ఆదానే చూశాయి కాబట్టి ఫలితాన్ని నమ్మవచ్చు. మోసం వచ్చేది ఆ 4 శాతాన్ని అందరికీ అతికించినప్పుడే. మొదటి సంగతి, 4 శాతం శక్తి ఆదా అయితే 4 శాతం వేగం పెరగదు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు పెరుగుతుంది కాబట్టి మేటి మారథానర్లకు సమయంలో దక్కేది ఆ ఆదాలో మూడింట రెండు వంతులే. రెండోది, మనిషికీ మనిషికీ తేడా చాలా పెద్దది. 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో కెన్యా మేటి పరుగువీరుల్లో ఒకరికి ఇలాంటి షూ 11 శాతం మేలు చేస్తే, మరొకరికి 11 శాతం చేటు చేసింది. మూడోది మనవంటివారికి సంబంధించింది. గంటకు 12 కిలోమీటర్ల వేగంలో కొలిస్తే సగటు ఆదా 1.4 శాతానికి, 10 కిలోమీటర్ల వేగంలో 0.9 శాతానికి పడిపోయింది. కిలోమీటరుకు ఆరు నిమిషాల చొప్పున మారథాన్ పరిగెత్తేవారికి ఆ 0.9 శాతం అంటే సుమారు రెండు నిమిషాలే.

ఈ పోటీకి ఎక్కడో ఒక హద్దు ఉండాలని వరల్డ్ అథ్లెటిక్స్ 2020 జనవరిలో నిబంధన తెచ్చింది. రోడ్డు పరుగుల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు మించకూడదు, ప్లేట్ ఒకటికి మించకూడదు. షూ అంగట్లో దొరికేదై ఉండాలని కూడా అప్పట్లో చెప్పింది. అది మంచి నిబంధనే.

ఇంతకీ హైదరాబాద్‌లోనో విశాఖలోనో తెల్లవారుజామున పరిగెత్తేవారు సొంతంగా షూను పరీక్షించుకోవడం ఎలా? ఒక రోజు పాత షూతో, మరో రోజు కొత్త షూతో పరిగెత్తి గడియారాలు పోల్చడం పనికిరాదు. నిద్ర, ఉక్కపోత, ముందురోజు తిన్నది, అన్నీ మారిపోతాయి. ఒకే ఉదయం, ఒకే చదునైన దారిలో, ఒకే నిలకడ వేగంతో పది నిమిషాల చొప్పున నాలుగు సార్లు పరిగెత్తాలి. మొదట పాతది, తర్వాత కొత్తది, మళ్లీ కొత్తది, చివర పాతది. మన వాతావరణంలో ఎండెక్కేకొద్దీ అదే వేగానికీ గుండె వేగం పెరుగుతూ పోతుంది. వరసను ఇలా తిప్పితే ఆ పెరుగుదల రెండు షూలకూ సమానంగా పడుతుంది. ఛాతీకి కట్టే పట్టీతో గుండె వేగం చూడండి. ఒక శాతం తేడా అంటే నిమిషానికి ఒకటి రెండు కొట్టుకోవడాలే కాబట్టి దాన్ని ఇలా పట్టుకోలేం. పెద్ద మేలూ పెద్ద చేటూ మాత్రం తప్పక తెలుస్తాయి.

పది నిమిషాల్లో బయటపడని లోపాలు దూరంలో బయటపడతాయి. రెండు గంటల పరుగు తర్వాత పాదం ఉబ్బుతుంది. అప్పుడు వేళ్లు ముందుకు తగిలి గోళ్లు నల్లబడుతున్నాయా, అలసిన మడమ మెత్తటి ఫోమ్ మీద పక్కకు ఒరుగుతోందా అని చూసుకోవాలి. హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో, ఫ్లైఓవర్ల మీదుగా, తరచు తడి రోడ్ల మీద. బరువు తగ్గించడానికి చాలా తేలిక షూల అడుగున రబ్బరు పలచగా వేస్తారు. అందుకే ఒక్క పరుగైనా వానలో పరీక్షించండి.

పెబా ఫోమ్ జీవం కూడా చిన్నదే. 450 కిలోమీటర్లు వాడాక మామూలు ఫోమ్ మీద దానికున్న ఆధిక్యం మిగల్లేదని ఒక అధ్యయనం తేల్చింది. రోజూ అదే వేసుకుంటే పోటీ నాటికి మిగిలేది ఖరీదైన మామూలు షూ. కార్బన్ ప్లేట్ షూలు వాడిన అయిదుగురు క్రీడాకారులకు పాదం నడిమి భాగంలోని నావిక్యులర్ ఎముకకు ఒత్తిడి గాయాలు వచ్చినట్టు 2023లో వైద్యులు ప్రకటించారు. అయిదుగురి అనుభవంతో షూదే తప్పని తేల్చలేం గానీ, వారాల మీద కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవడానికి అది చాలినంత కారణం.

నన్నడిగితే, కిలోమీటరును అయిదు నిమిషాల లోపు పరిగెత్తుతూ, సమయం తగ్గించుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి ఇలాంటి షూ పెట్టిన డబ్బుకు తగిన ఫలమిస్తుంది. అంతకంటే నెమ్మదిగా పరిగెత్తేవారు ప్లేట్ లేని, మంచి ఫోమ్ ఉన్న, ఒక్కోటి 250 గ్రాముల లోపు షూను సాయంత్రం పూట, పరుగుకు వాడే సాక్సులతోనే తొడిగి చూసి తీసుకోండి. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండేలా చూసుకోండి.