స్కాలర్‌షిప్ డబ్బుల్లో కోత పడకుండా...



మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా స్కాలర్‌షిప్ పడిందని కాలేజీలో తెలిసింది. పరీక్ష ఫీజుకు అదే ఆఖరి రోజు. ఏటీఎంకు పరుగెత్తి చూస్తే అనుకున్నదానికి ఆరు వందలు తక్కువ! కనీస నిల్వ లేదని జరిమానా, కార్డుకు ఏడాది రుసుము, వాటిపైన 18 శాతం జీఎస్టీ. ఖాతాలో డబ్బు పడేదాకా కాచుకుని కూర్చుని, పడగానే కోసుకున్నారు. ఆ లోటు పూడ్చడానికి మా అమ్మ మేస్త్రిని బతిమాలి కూలి ముందే తెచ్చింది. కల్లంలో తాలుకాయలు ఏరి, రాత్రంతా చేతులు మండితే వచ్చే కూలి అది.

ఆ తర్వాత మా గదిలో వాళ్ళమంతా పాసుపుస్తకాలు ముందేసుకుని ఒక్కొక్క కోతా ఎందుకో బ్యాంకుకు వెళ్ళి అడిగాం.

మొదట తెలిసింది మా తప్పే. 2015 ఏప్రిల్ నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, నిల్వ తగ్గితే ముందు మెసేజో ఉత్తరమో పంపి, నెల గడువిచ్చాకే జరిమానా వేయాలి. ఆ జరిమానా వల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదు. ఖాతా తెరిచినప్పుడు మేమిచ్చిన నంబరు మామయ్యది. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. మీ నంబరు ఈ వారమే సరిచూసుకోండి.

అసలు మందు బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా. ఇది ప్రతి బ్యాంకూ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. నిల్వ సున్నా ఉన్నా జరిమానా లేదు. ఏటీఎం కార్డుకు రుసుము లేదు. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతా కూడా ఈ కోవలోదే. అయితే అదే బ్యాంకులో మరో సేవింగ్స్ ఖాతా ఉంటే 30 రోజుల్లో మూసేయాలి. కౌంటరులో "అలాంటిది లేదు" అంటే తిరిగి రాకండి. ఖాతా పూర్తి పేరు రాసి దరఖాస్తు ఇవ్వండి. మనవాళ్ళం ఇక్కడే తడబడతాం, ఇంగ్లీషులో ఏదో అనగానే తల ఊపి వచ్చేస్తాం.

స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో, కెనరా బ్యాంకు 2025 జూన్‌లో సేవింగ్స్ ఖాతాలన్నిటికీ కనీస నిల్వ జరిమానా ఎత్తేశాయి. చాలా ప్రైవేటు బ్యాంకుల్లో ఇంకా ఉంది.

మామూలు ఖాతా అయితే ఏటీఎంలో లెక్క జాగ్రత్త. సొంత బ్యాంకు మిషన్లలో నెలకు అయిదుసార్లు ఉచితం. వేరే బ్యాంకువైతే గుంటూరు, ఒంగోలు వంటి చోట్ల అయిదు, కోచింగుకు హైదరాబాదు వెళ్తే మూడే. అది దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పన్ను అదనం. బ్యాలెన్సు చూసుకున్నా ఒకటి లెక్కే! ఫోన్‌లో చూసుకుంటే పోయేదేమీ లేదు. మిషన్‌లో నగదు లేక విఫలమైతే మాత్రం లెక్కలోకి రాదు. డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే అయిదు రోజుల్లో తిరిగి వేయాలి, ఆపైన ఆలస్యానికి రోజుకు 100 రూపాయలు మనకే ఇవ్వాలి.

మే నెలాఖరులో పోయే 20 రూపాయలు బ్యాంకు రుసుము కాదు, సురక్షా బీమా ప్రీమియం. ప్రమాదంలో చనిపోతే ఇంట్లోవాళ్ళకు రెండు లక్షలు వస్తాయి. దాన్ని ఉంచుకోండి.

ఏదైనా అన్యాయంగా కోస్తే ముందు బ్రాంచిలో రాసిచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. మేము రాసిచ్చిన మూడు వారాలకు జరిమానా మొత్తం వెనక్కి వేశారు. కార్డు రుసుము మాత్రం రాలేదు.