స్థూలకాయం – శస్త్రచికిత్స

లావు తగ్గడానికి కడుపు కోయించుకోవడమా అని విస్తుపోయేవారు ఒక ప్రక్క, ఒక్క ఆపరేషన్‌తో సన్నబడవచ్చునని ఉబలాటపడేవారు మరొక ప్రక్క మనకు కనిపిస్తారు. ఉభయులూ తెలుసుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ చికిత్సల ఫలితాన్ని ఆరు నెలలలో తరిగిన తూకంతో గాక, పదేళ్ళకు నిలిచిన ఆరోగ్యంతో కొలవాలి. వైద్యలోకం ఈ సంగతిని గ్రహించేలోపల ఎందరో రోగులు మూల్యం చెల్లించారు.

భుజించిన ఆహారం జీర్ణాశయాన్ని దాటి, పొడవైన చిన్న ప్రేగులో ప్రయాణిస్తూ రక్తంలో ఇంకుతుంది. ఆ ప్రేగులో అధికభాగాన్ని దారినుండి తప్పిస్తే ఇంకే ఆహారం తగ్గి, శరీరం కృశించాలి. అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ ప్రభృతులు 1954లో ఈ పద్ధతిని ప్రకటించారు. తరువాతి రెండు దశాబ్దాలలో వేలాదిమందికి ఇది జరిగింది. తూకం నిజంగానే తగ్గింది, అందరూ మెచ్చుకొన్నారు. పిమ్మట బయటపడినవి ఎడతెగని విరేచనాలు, కీళ్ళనొప్పులు, మూత్రపిండాలలో రాళ్ళు. కొందరికి కాలేయం చెడి ప్రాణమే పోయింది. దారి తప్పించిన ప్రేగు శరీరంలోనే ఉండిపోగా, ఆహార ప్రవాహం లేని ఆ భాగంలో సూక్ష్మజీవులు పెచ్చుపెరిగాయి. ఇంకని కొవ్వు కాల్షియంను తనతో పట్టుకొనిపోగా, మిగిలిన ఆక్సలేటు రక్తంలో చేరి మూత్రపిండంలో రాయిగా పేరుకొన్నది. చివరకు ఆ పద్ధతి మూలపడింది. అనేకులకు ప్రేగును మరల యథాస్థితికి కలుపవలసి వచ్చింది.

అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ మేసన్ వేరొక మార్గం పట్టారు. ఇతర వ్యాధులకై జీర్ణాశయంలో కొంత తీసివేయించుకొన్నవారు చిక్కిపోవడాన్ని ఆధారం చేసుకొని, ఇటోతో కలిసి 1967లో గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రచురించారు. నేటి రూపంలో జీర్ణాశయం పైభాగాన కోడిగ్రుడ్డంత సంచిని వేరుచేసి, చిన్న ప్రేగును దానికి నేరుగా కలుపుతారు. ఇప్పుడు అధికంగా జరిగే ‘స్లీవ్’ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసివేసి, అరటికాయవంటి గొట్టాన్ని మిగులుస్తారు. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్న ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా ఆ తీసివేసిన భాగంలోనే పుడుతుంది గనుక ఆకలి కూడ మందగిస్తుంది. తీసివేసిన భాగాన్ని మాత్రం తిరిగి తేలేము. పుల్లని త్రేన్పులు, గుండెలో మంట కొందరిని చాలాకాలం వేధిస్తాయి. జీర్ణాశయానికి ఉంగరంవలె పట్టీ బిగించే పద్ధతి తేలికైనదని ఒక దశలో ఎంతో ఆదరణ పొందింది. పట్టీలు జారడం, లోనికి ఒరుసుకొనిపోవడం జరిగి చాలామందికి తీసివేయవలసి వచ్చింది. పాత కథే పునరావృతమైనది.

అంతమాత్రాన ఈ చికిత్సలను త్రోసిపుచ్చరాదు. స్వీడన్‌లో 1987లో ప్రారంభమైన దీర్ఘకాల పరిశీలన, శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తక్కువని 2007లో వెల్లడించింది. మధుమేహం అనేకులలో అదుపులోనికి రావడం, అదీ తూకం పూర్తిగా తగ్గకమునుపే జరగడం, వైద్యులనే ఆశ్చర్యపరచింది.

ఇక ప్రమాదాలు. అమెరికాలో 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో 4,776 మందిలో 30 రోజులలోపు మరణించినవారు వెయ్యికి ముగ్గురు. అవి అనుభవజ్ఞుల చేతులలో జరిగిన ఆపరేషన్లన్న మాట మరువరాదు. కుట్లవద్ద కారడం, రక్తస్రావం, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం తొలిదినాల భయాలు. తరువాతివి మెల్లగా వస్తాయి: పిత్తాశయంలో రాళ్ళు, ఇనుము, బి12 లోపాలు, ఎముకల బలహీనత. ఆగని వాంతులతో బి1 విటమిన్ తరిగితే మెదడు దెబ్బతినవచ్చు. అందువలన మందుబిళ్ళలు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. ఆపరేషన్ ఖర్చు లెక్కించే కుటుంబాలు ఈ ఖర్చును కూడ లెక్కించాలి.

ఎవరికి ఇది తగును? కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు యొక్క వర్గంతో భాగించగా వచ్చే అంకె ప్రమాణం. అమెరికాలో 1991లో నిర్ణయించిన హద్దు 40. మధుమేహంవంటి వ్యాధులు తోడైతే 35. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 40 అనగా సుమారు 102 కిలోలు. భారతీయులకు తక్కువ బరువులోనే మధుమేహం సోకుతున్నందున 2009లో మన వైద్యులు 37.5, 32.5 అని సవరించారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు హద్దులను మరింత సడలించాయి. వీటిలో ఎక్కడా అందం ప్రస్తావన లేదు. ఆకలిని తగ్గించే కొత్త సూదిమందులు కూడ ఇప్పుడు లభిస్తున్నందున, కత్తికి ముందు వాటి విషయం వైద్యునితో చర్చించడం ఉచితం.

యువతుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. తూకం వేగంగా పడిపోయే కాలంలో తల్లికే పోషకాలు చాలవు గనుక, శస్త్రచికిత్స తరువాత 12 నుండి 18 నెలల వరకు గర్భధారణను వాయిదా వేయమని వైద్యులు చెబుతారు. పెండ్లి సంబంధం కుదరడానికే కుమార్తెకు ఈ ఆపరేషన్ చేయించదలచిన తల్లిదండ్రులు, ఈ గడువు సంగతిని ఆమెకూ, కాబోయే వియ్యాలవారికీ ముందుగానే తెలియజేయవలసి ఉంటుంది.