మూడు రోజుల్లోనే ఆగిపోయింది, ఈస్ట్ చచ్చిపోయినట్టేనా?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న. యూకే, అమెరికాల్లో ఉండి ఇంట్లో బీర్ చేసుకునే మనవాళ్ళు తరచూ అడిగేది. "ఇంగ్లిష్ ఏల్ డ్రై ఈస్ట్ వేశాను. రెండో రోజుకే నురగ మూత దాకా పొంగింది. మూడో రోజుకి అంతా చప్పబడింది. గ్రావిటీ 1.016 దగ్గరే కూర్చుంది. ఇంకో ప్యాకెట్ వేయనా?"

వేయకండి. ఎందుకో చెప్తా. దానికి ముందు ఒక మాట. బ్రిటన్‌లో సొంతానికి చేసుకునే బీర్‌కి 1963 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. మన ఏపీ, తెలంగాణల్లో లైసెన్స్ లేకుండా చేస్తే మాత్రం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి ఇక్కడున్నవాళ్ళు సైన్స్ వరకే తీసుకోండి బాబూ.

బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి వడగడితే వచ్చే తియ్యటి నీళ్ళే వోర్ట్. అందులో చక్కెర ఒక్క రకమే ఉండదు. విడి గ్లూకోజ్ కొంచెం ఉంటుంది. రెండు గ్లూకోజ్‌లు అతుక్కున్న మాల్టోజ్ అన్నిటికన్నా ఎక్కువ. మూడు అతుక్కున్న మాల్టోట్రయోజ్ కూడా కొంత ఉంటుంది.

గ్లూకోజ్, మాల్టోజ్ దాదాపు ఏ బీర్ ఈస్ట్ అయినా తింటుంది. మాల్టోట్రయోజ్ దగ్గరే తేడా వస్తుంది. ఆ చక్కెరను కణం లోపలికి లాక్కోవడానికి కణ పొరలో ఒక ప్రోటీన్ ఉండాలి. లాలెమాండ్ కంపెనీ అమ్మే విండ్సర్ ఈస్ట్‌కి ఆ పని చేతకాదు. ఫోన్‌లో ఫైల్ ఉంది, ఓపెన్ చేసే యాప్ లేదు, అంతే. 20 డిగ్రీల దగ్గర మూడు రోజుల్లో తనకి కావలసింది తినేసి ఆగిపోతుంది. చావలేదు, దాని పని అయిపోయింది.

అదే కంపెనీ నాటింగ్‌హామ్ ఈస్ట్ మాల్టోట్రయోజ్ కూడా తినేస్తుంది. 1.048తో మొదలైన వోర్ట్‌ని విండ్సర్ 1.016 దగ్గర వదిలితే, నాటింగ్‌హామ్ సుమారు 1.010 దాకా దించుతుంది. ఆల్కహాల్ ఒకదాంట్లో 4.2 శాతం, ఇంకోదాంట్లో 5 దాకా. నన్నడిగితే మైల్డ్ లాంటి తక్కువ ఆల్కహాల్ ఇంగ్లిష్ బీర్‌కి విండ్సరే నయం. ఆ మిగిలిన చక్కెర వల్లే బీర్ నోట్లో నీళ్ళలా ఉండదు. కాకపోతే ఈ ఈస్ట్ అంత తేలిగ్గా అడుక్కి దిగదు, బీర్ మబ్బుగానే ఉంటుంది. తేరుకున్న బీర్ కావాలంటే ఫెర్మెంటిస్ వాళ్ళ ఎస్-04 చూడండి. అదీ ఫాస్టే, పైగా అడుగున గట్టిగా పేరుకుంటుంది.

ఇప్పుడు ఆ రెండో ప్యాకెట్ సంగతి. విండ్సర్ వదిలేసిన చక్కెర ఉంది కదా, మీరు నాటింగ్‌హామ్ లాంటిది తెచ్చి కలిపారనుకోండి. అది నిదానంగా తినడం మొదలెడుతుంది. ఫర్మెంటర్‌లో ఉన్నంతసేపూ గ్యాస్ బయటికి పోతుంది, బీర్ పలచబడటం తప్ప ప్రమాదం లేదు. సీసాలో మూత బిగించాక అయితే గ్యాస్ ఎక్కడికి పోవాలి? గ్రావిటీ 2 పాయింట్లు దిగితే దాదాపు ఒక వాల్యూమ్ గ్యాస్, అంటే లీటరు బీర్‌కి లీటరు కార్బన్ డయాక్సైడ్. 1.016 నుంచి 1.010 అంటే 6 పాయింట్లు, 3 వాల్యూమ్‌లు. ఇంగ్లిష్ ఏల్‌లో మామూలుగా ఉండే 2 వాల్యూమ్‌లకి ఇది అదనం. మామూలు బీర్ సీసా అంత ఒత్తిడికి చేసింది కాదు, పగిలితే గాజు ముక్కలు కళ్ళలోకి వస్తాయి.

మరి నిజంగానే మధ్యలో ఆగిపోతే ఎలా తెలుస్తుంది? ఎయిర్‌లాక్‌లో బుడగలు చూసి నిర్ణయించకండి. మూత కొంచెం లూజుగా ఉన్నా బుడగలు రావు. హైడ్రోమీటర్‌తో రెండు రోజుల తేడాలో రెండు రీడింగులు తీయండి. 1.048తో మొదలై 1.030 దగ్గర నిలిచిపోతే అనుమానించాలి. గది చల్లబడిందేమో చూసి, 20 డిగ్రీలకి తెచ్చి, ఫర్మెంటర్‌ని మెల్లగా తిప్పండి. ఇంకా మంచి పద్ధతి ఉంది. మొదటి రోజే ఒక గ్లాసు వోర్ట్ పక్కకి తీసి, అదే ఈస్ట్ కాస్త ఎక్కువ వేసి, 25 డిగ్రీల దగ్గర ఉంచండి. అది ఎక్కడ ఆగితే పెద్ద బ్యాచ్ కూడా దాదాపు అక్కడే ఆగాలి.

ఇప్పటికే రెండో రకం ఈస్ట్ వేసేసిన వాళ్ళు రీడింగ్ మళ్ళీ కదలకుండా నిలబడే దాకా సీసాల్లో పోయకండి. పోసేసి ఉంటే సీసాలన్నీ ఇప్పుడే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లదనానికి ఈస్ట్ మందగిస్తుంది. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, సీసాకి మందపాటి టవల్ చుట్టి, ఒక్కొక్కటే మూత తీయండి.