మెటికల చప్పుడు, మోకాలి చప్పుడు: కారణాలు, హాని - ఒక వివరణ

కీలకపదాలు: మెటికలు, కీళ్ళ ద్రవం, మృదులాస్థి, మోకాలు, హుకుంపేట.

1. ఉపోద్ఘాతం

బిడ్డ బుగ్గలు నిమిరి, ఆ వేళ్ళను తన కణతలకు ఆనించి మెటికలు విరిస్తే దిష్టి పోతుందని తెలుగునాట పెద్దల నమ్మకం. కోపంతో శాపనార్థాలు పెట్టేవారూ మెటికలు విరుస్తారు. అదే పని పిల్లలు ఊరకే చేస్తే ‘కీళ్ళు అరిగిపోతాయి’ అని మందలిస్తారు. ఈ భయానికి ఆధారమెంత అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట వంటి కొండ ప్రాంతాలలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఎక్కువ. పొలానికైనా, కాఫీ తోటకైనా, సంతకైనా ఎగుడుదిగుడు దారులలో, తరచుగా బరువుతో నడవాలి. అక్కడ మోకాలి ఆరోగ్యమే బతుకుతెరువు.

2. చప్పుడు పుట్టే విధానం

కీలులో ఎముకల కొనలను మృదులాస్థి కప్పి ఉంటుంది. చుట్టూ ఉన్న సంచివంటి పొరలో జిగట ద్రవం ఉంటుంది. ఆయుర్వేదం కీళ్ళకు జిగటనిచ్చే దానిని శ్లేషక కఫమని పేర్కొంది. వేలిని లాగినప్పుడు ఎముకల మధ్య ఎడం పెరిగి, ద్రవంపై ఒత్తిడి హఠాత్తుగా తగ్గుతుంది. సోడా మూత తీసినప్పటివలెనే, కరిగి ఉన్న వాయువు బుడగగా మారుతుంది.

బుడగ పగలడం వల్లనే చప్పుడు వస్తుందని 1971లో లీడ్స్ పరిశోధకులు ప్రతిపాదించారు. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయ బృందం ఎం.ఆర్.ఐ. ద్వారా పరిశీలించి, బుడగ ఏర్పడే క్షణంలోనే చప్పుడు పుడుతుందనీ, ఆ తర్వాత కూడా బుడగ నిలిచి ఉంటుందనీ చూపింది. బుడగ కొంతమేర కుంచించుకున్నా చప్పుడు రాగలదని 2018లో వెలువడిన ఒక గణిత నమూనా సూచించింది. వాయువు తిరిగి కరగడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది కనుక విరిచిన మెటిక వెంటనే మళ్ళీ మోగదు.

3. మెటికల వల్ల హాని ఉందా?

అమెరికా వైద్యుడు డోనాల్డ్ ఉంగర్ సుమారు 50 ఏళ్ళు ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, రెండు చేతులలోనూ కీళ్ళవాతం లేదని 1998లో ప్రకటించాడు. ఇది ఒక్కరి అనుభవమే. అయితే 2011లో 215 మందిపై వెలువడిన అధ్యయనంలోనూ ఈ అలవాటుకు, చేతి కీళ్ళ అరుగుదలకు సంబంధం కనబడలేదు. 1990లో 300 మందిని పరిశీలించిన అధ్యయనం కూడా కీళ్ళవాతం పెరగలేదనే తేల్చింది. కాని ఆ అలవాటున్నవారిలో చేతి వాపు, పట్టు తగ్గడం గుర్తించింది. కనుక నొప్పి లేని మెటికలకు భయపడనక్కరలేదు. అతిగా, బలవంతంగా విరవడం మాత్రం మంచిది కాదు.

4. మోకాలి చప్పుడు

మోకాలి చప్పుడును మెటికలతో సమానంగా చూడరాదు. స్నాయువు ఎముకమీదుగా జారినప్పుడు వచ్చే ‘టక్’మనే శబ్దం సాధారణంగా హానికరం కాదు. మృదులాస్థి గరుకుబారినప్పుడు వచ్చే ‘కిరకిర’ వేరు. దాదాపు 3,500 మందిపై అమెరికాలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, మోకాళ్ళు తరచుగా చప్పుడు చేసేవారికి తర్వాతి కాలంలో నొప్పితో కూడిన అరుగుదల వచ్చే అవకాశం ఎక్కువని తేలింది.

చప్పుడుతో పాటు నొప్పి, వాపు ఉన్నా, కీలు పట్టేసినా, బరువు మోపినప్పుడు కాలు నిలవకపోయినా, దెబ్బ తగిలాక చప్పుడు మొదలైనా వైద్యుణ్ణి సంప్రదించాలి. కొండదారిన బరువు మోసేవారు దీనిని వయసు ప్రభావమని సరిపెట్టుకోరాదు.

5. ముగింపు

వేలి మెటిక ప్రధానంగా వాయువు చేసే శబ్దం. పెద్దల మందలింపుకు తగిన శాస్త్రాధారం లేదు. నొప్పితో కూడిన మోకాలి కిరకిర మాత్రం హెచ్చరిక. పిల్లల వేళ్ళపై చూపే ఆందోళనను, బరువు మోసే పెద్దల మోకాళ్ళపై శ్రద్ధగా మలచుకోవడం అవసరం.