బడికి ముందు వచ్చిన యంత్రం, వెనుకబడిన పాఠం

బ్యాంకు ఉద్యోగ సంఘాలు కంప్యూటర్లను ప్రతిఘటిస్తున్న రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం వాటిని బడిగదిలోకి తెచ్చింది. ఎలక్ట్రానిక్స్, విద్యాశాఖలు 1984-85లో ఆరంభించిన ‘క్లాస్’ పథకం కింద తొలి విడతగా 250 పాఠశాలలను ఎంపికచేసి బి.బి.సి. మైక్రో యంత్రాలను సమకూర్చారు. ఆ యంత్రపు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోను తీసే ఒక్క ఛాయాచిత్రానికైనా అది చాలదు. అయితే కొరత జ్ఞాపకశక్తిది కాదు, పాఠానిది. యంత్రంతోపాటు తొలి సాఫ్ట్‌వేర్‌లో అధికభాగం బ్రిటన్ నుంచే వచ్చింది. మన పాఠ్యప్రణాళికతో దానికి పొత్తు కుదరలేదు. ఆంగ్లం అంతగా రాని విద్యార్థికి తెరమీది అక్షరమే అడ్డుగోడ అయింది.

గ్రంథాలయాల అనుభవం ఇందుకు భిన్నం. యునెస్కో 1985లో మైక్రోకంప్యూటర్లకు అనువుగా వెలువరించిన సి.డి.ఎస్.-ఐసిస్ సాఫ్ట్‌వేర్ లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితంగా లభించింది. దేశంలో దాని పంపిణీ, శిక్షణల బాధ్యతను ‘నిస్సాట్’ స్వీకరించింది. గ్రంథసూచికి, అన్వేషణకు అది చక్కగా అక్కరకు వచ్చినా, పుస్తకాలను అరువిచ్చే లెక్కలకు చాలలేదు. ఆ లోటును పూరించేందుకు రక్షణశాఖకు చెందిన ‘డెసిడాక్’ దాని ఆధారంగానే ‘సంజయ్’ను రూపొందించింది. తమకేమి కావాలో గ్రంథపాలకులకు ముందే తెలుసు. కార్డుల పెట్టెలతో ఏళ్ల తరబడి కుస్తీపట్టినవారు మరి! పాఠశాలల్లో ఆ ప్రశ్న అడిగేలోగానే బి.బి.సి. మైక్రోలకు కాలం చెల్లింది. 1990లలో వాటి స్థానాన్ని పి.సి.లు ఆక్రమించాయి.