గుబులు రేపే కళ మనకెందుకు?

ఫ్రాంజ్ కాఫ్కా రాసిన ‘రూపాంతరం’ 1915లో పుస్తకంగా రాబోతోంది. ఊళ్లు తిరిగి సరుకు అమ్ముకునే గ్రెగర్ జామ్జా ఒక ఉదయం నిద్ర లేచేసరికి పెద్ద పురుగుగా మారిపోయి ఉంటాడు. అదీ కథ. ముఖచిత్రం మీద ఆ పురుగునే గీస్తారేమోనని కాఫ్కాకు బెంగ పట్టుకుంది. దాన్ని గీయొద్దని, దూరం నుంచి కనిపిస్తున్నట్టు కూడా చూపించొద్దని ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. చివరికి అట్ట మీద వచ్చినవి ఓరగా తెరిచిన తలుపు, దాని వెనక చీకటి, ముఖాన్ని చేతుల్లో దాచుకుని ఇవతలికి వస్తున్న ఒక మనిషి. పురుగు బొమ్మే వేసి ఉంటే పాఠకుడు ఒకసారి ఏవగించుకుని, ఇదేనా అనుకుని ఊరుకునేవాడు. వేయలేదు కాబట్టి వందేళ్లు దాటినా ఆ తలుపు వెనక ఏముందో ఎవరికి వారే ఊహించుకోవలసి వస్తోంది. వింత పుస్తకాలు, గుబులు రేపే సంగీతం కొందరిని అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటాయో ఈ ఒక్క ఉదంతం చాలావరకు చెబుతుంది. వాటిని ఇష్టపడేవారికి భయమంటే సరదా అనో, వికారమంటే మోజు అనో చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఒక పట్టాన తేలని దాని ముందు నిలబడినప్పుడు, అలవాటు మత్తులో ఉన్న మనసు పూర్తిగా మేలుకుంటుంది. ఆ మెలకువ కోసమే వాళ్లు మళ్లీ మళ్లీ అటు వెళ్తారు.

భయం పాలు బొత్తిగా లేని పుస్తకాలు కూడా మనుషుల్ని తరతరాలుగా వేధించడమే దీనికి తొలి సాక్ష్యం. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వోయినిచ్ ప్రతి అనే చేతిరాత పుస్తకం ఉంది. 1912లో విల్‌ఫ్రిడ్ వోయినిచ్ అనే పాత పుస్తకాల వ్యాపారి ఇటలీలో కొన్నందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఆ తోలు కాగితాలు 1404కూ 1438కీ మధ్యవని కార్బన్ పరీక్షలో తేలింది. సుమారు 240 పుటల నిండా ఎక్కడా కనిపించని మొక్కలు, నక్షత్ర చక్రాలు, ఆకుపచ్చటి నీళ్లలో స్నానం చేస్తున్న స్త్రీలు. వాటి చుట్టూ ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయిన లిపి. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగడానికి ముందు జపాన్ దౌత్య సంకేతాలను ఛేదించిన బృందానికి నాయకుడైన విలియం ఫ్రీడ్‌మన్ అంతటివాడు కూడా ఏళ్ల తరబడి దానితో కుస్తీ పట్టి ఓడిపోయాడు. ఇక 1981లో ఇటలీ చిత్రకారుడు లూయీజీ సెరఫీనీ తెచ్చిన ‘కోడెక్స్ సెరఫీనియానస్’ చూస్తే, అది లేని లోకానికి సచిత్ర విజ్ఞాన సర్వస్వం. అందులోని లిపి కూడా ఆయన కల్పించిందే. ఆ రాతలో రహస్యార్థమేమీ లేదని, చదవడం రాని పిల్లవాడు పెద్దల పుస్తకం తెరిచినప్పుడు పొందే అనుభూతిని పెద్దలకు తిరిగి ఇవ్వాలన్నదే తన కోరిక అని సెరఫీనీ తర్వాత చెప్పాడు. అయినా ఆ పుస్తకం మీద జనానికి మోజు తగ్గలేదు. అర్థం లేదని రచయితే చెప్పినా వదలలేకపోతున్నామంటే, మనం వెతికేది అర్థం ఒక్కటే కాదు. అర్థం కోసం మనసు పడే ఆరాటం కూడా మనకు కావాలి.

సంగీతం దగ్గరికి వస్తే ఇందులో శరీరం కూడా భాగం పంచుకుంటుంది. 1960 నాటి ‘సైకో’ సినిమాలో స్నానాల గది హత్య సన్నివేశానికి సంగీతమే వద్దనుకున్నాడు దర్శకుడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ మాత్రం తీగ వాద్యాలతోనే ఒక కీచు వరసను కట్టి వినిపించాడు. అది విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. ఆ కీచుదనం కేకను పోలి ఉంటుంది. మనిషి ప్రాణభయంతో అరిచినప్పుడు గొంతులో ధ్వని తీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్లు వేగంగా హెచ్చుతగ్గులవుతుందని, ఆ గరుకుతనమే వినేవాళ్ల మెదడులో భయాన్ని పసిగట్టే భాగాన్ని తట్టి లేపుతుందని 2015లో లూక్ ఆర్నల్, డేవిడ్ పోపెల్ బృందం చూపింది. అంతకుముందు డేనియల్ బ్లూమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త మార్మోట్ అనే జంతువు పిల్లలు పట్టుబడినప్పుడు పెట్టే కేకలను పరిశీలించాడు. అటువంటి గరుకు ధ్వనుల కోసం వందకు పైగా సినిమాల సౌండ్‌ట్రాకులు వెతికాడు. భయానక చిత్రాలు వాటిని బాగా వాడుకుంటున్నాయని 2010లో ప్రకటించాడు. అంటే జంతువులు ఆపదలో వాడే గొంతునే సంగీత దర్శకులు తమ చెవిని నమ్ముకుని వయొలిన్‌లో పట్టుకున్నారన్నమాట.

అయితే మనల్ని కలవరపెట్టే ధ్వని అంతా పుట్టుకతో వచ్చిన భయం కాదు. బొలీవియా అడవుల్లో ఉండే చిమానే జాతివారికి పాశ్చాత్య సంగీతంతో పరిచయం చాలా తక్కువ. జోష్ మెక్‌డెర్మట్ బృందం 2016లో వారికి పొసగే స్వరాల కలయికలను, పొసగని వాటిని వినిపిస్తే రెండూ సమానంగానే బాగున్నాయన్నారు. గరుకు ధ్వని మాత్రం వాళ్లకూ నచ్చలేదు. దీన్నిబట్టి చెవిలో పుట్టే గుబులుకు రెండు పొరలున్నాయని తేలుతోంది. ఒకటి శరీరం మోగించే గంట, రెండోది అలవాటుకు తగిలిన దెబ్బ. మొదటిది అందరికీ ఉంటుంది. రెండోది ఏ సంగీతం వింటూ పెరిగామన్నదాన్ని బట్టి మారుతుంది. స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలే ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ను 1913 మే 29న పారిస్‌లో తొలిసారి ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు కేకలతో, ఈలలతో హాలును హోరెత్తించారు. మరుసటి ఏడాది అదే నగరంలో అదే సంగీతాన్ని కచేరీగా వినిపిస్తే స్వరకర్తను భుజాల మీద ఊరేగించారు. స్వరాలు మారలేదు. వినేవాళ్లు వాటికి ఎదిగారు.

ఇది పరదేశపు పిచ్చి అనుకోనక్కరలేదు. మన కర్ణాటక సంగీతంలో వివాది రాగాల చరిత్ర అచ్చంగా ఇదే. మూల రాగాలైన 72 మేళకర్తల్లో 40 మేళాల్లో వివాది స్వరాలున్నాయి. రెండు స్వరాలు అరస్థానం ఎడంలో ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడితే చెవికి గుచ్చుకుంటుంది. వాటిని పాడితే దోషమని కొందరు విద్వాంసులు దూరం పెట్టారు. వరాళిని గురువు నేరుగా నేర్పితే గురుశిష్యుల మధ్య చెడుతుందన్న నమ్మకం ఇప్పటికీ వినిపిస్తుంది. అయినా త్యాగరాజు పంచరత్న కృతుల్లో మొదటిది నాటలో, నాలుగోది వరాళిలో కట్టారు. రెండూ వివాది స్వరాలున్న రాగాలే. ఏటా ఆరాధనోత్సవాల్లో వందల గొంతులు కలిసి వాటిని పాడుతున్నాయి. అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ 72 మేళాల్లోనూ కృతులు కూర్చి, దోషమన్న ముద్రను పక్కకు నెట్టారు. కలతపెట్టే స్వరాన్ని సంప్రదాయం వెలివేయలేదు, జాగ్రత్తగా దాచుకుంది. దాని పదును అవసరమని మహా వాగ్గేయకారులకు తెలుసు.

మరి నొప్పించేది సుఖం ఎలా అవుతుంది? మనస్తత్వవేత్త పాల్ రోజిన్ ఈ ప్రశ్నను మిరపకాయ దగ్గర మొదలుపెట్టాడు. కారం నోటిని మండిస్తుంది, కళ్ల నీళ్లు తెప్పిస్తుంది, శరీరం ప్రమాదమంటూ గోల పెడుతుంది. ఆపదేమీ లేదని మనసుకు తెలుసు. శరీరం మోసపోయిందనీ తాను మోసపోలేదనీ మనసు గ్రహించడంలోనే ఆనందం ఉందని ఆయన సిద్ధాంతం. గుంటూరు కారం తిన్నవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కరలేదు. వెయ్యేళ్ల కిందటే కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం, బీభత్సం, అద్భుతం ఉన్నాయి. భయం ఆస్వాద్యం ఎలా అవుతుందో చెప్పడానికి అభినవగుప్తుడు శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడి బాణానికి బెదిరి పరుగెత్తే లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. చూస్తున్నవాడిలో కలిగే భయం ఆ లేడిదీ కాదు, తనదీ కాదు. చోటు, కాలం, సొంత లాభనష్టాలు రాలిపోయి భయం ఒక్కటే మిగులుతుంది. పారిపోవలసిన అగత్యం లేదు కాబట్టి తొలిసారిగా దాని ముఖం చూడగలుగుతాం. బతుకులో భయం మనల్ని తరుముతుంది. కళలో మనం దాని ఎదుట కూర్చుంటాం.

రక్షణ ఉన్న భయం రంగులరాట్నంలోనూ దొరుకుతుంది. వింత పుస్తకం అంతకంటే ఎక్కువ అడుగుతుంది. 1970లో త్స్వెతాన్ తొదొరోవ్ అనే సాహిత్య విమర్శకుడు దీన్ని స్పష్టంగా చెప్పాడు. జరిగినదానికి లోకసహజమైన కారణం ఉందా, లేక లోకనియమాలే తప్పాయా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడినంతసేపే ఆ తరహా కథకు ప్రాణం. ఏదో ఒకటి తేలగానే అది మరో తరహా కథ అయిపోతుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ఎందరో తెలుగు పిల్లలకు శిథిలాలయాల్లో, రాకాసి లోయల్లో వణుకుతూ నడవడం నేర్పాయి. అక్కడ చివరికి ముడి విడిపోతుంది, ఊపిరి పీల్చుకుంటాం. ఆ సంతృప్తి గొప్పదే. కానీ అదే పత్రికలో దశాబ్దాల పాటు వచ్చిన బేతాళ కథలకు మూలమైన సంస్కృత బేతాళ పంచవింశతి చివర ఏం జరుగుతుందో గుర్తు చేసుకోవాలి. ప్రతిసారీ జవాబు తెలిసి చెప్పినందుకు రాజు భుజాన మోస్తున్న శవాన్ని పోగొట్టుకుంటూ వస్తాడు. ఆఖరి చిక్కుప్రశ్నకు జవాబు తోచక మౌనంగా నడుస్తాడు. అప్పుడే బేతాళుడు మెచ్చి, రాజుకు రాబోయే ఆపదను ముందే చెప్పి కాపాడతాడు. తెలియనిదాన్ని భుజాన మోస్తూ నడవగలగడం కూడా ఒక శక్తేనని ఆ కథ కట్టినవాళ్లు ఎరుగుదురు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది. అర్థం కానిదంతా గొప్పదేనా? గందరగోళాన్ని లోతుగా చెలామణి చేసే మోసాలు లేవా? ఉన్నాయి. పోలెండ్ స్వరకర్త పెండెరెట్‌స్కీ 52 తీగ వాద్యాల కోసం రాసిన కృతికి మొదట పెట్టిన పేరు దాని నిడివి, 8 నిమిషాల 37 సెకన్లు. హిరోషిమా మృతులకు విలాపగీతం అన్న పేరు తర్వాత వచ్చింది. అర్థాన్ని పైనుంచి అంటించారనడానికి ఇంతకంటే ఏం కావాలని అడగవచ్చు. కానీ పేరు తెలియకుండా విన్నా ఆ గుబులు తగ్గదు. ఆ కృతి గాలివాటంగా కట్టింది కాదు. ఏ ధ్వని ఎన్ని సెకన్లు నిలవాలో, వాద్యంపై ఎక్కడ కమాను పెట్టాలో రాసి ఉంది. వోయినిచ్ ప్రతిలోని పదాలు కూడా ఏదో క్రమాన్ని పాటిస్తున్నాయని లెక్కలు చెబుతున్నాయి. సెరఫీనీ పుట సంఖ్యల పద్ధతిని పరిశోధకులు విప్పగలిగారు. నిజమైన వింతకు లోపల దానిదైన నియమం ఉంటుంది. నియమం ఉందని తెలుస్తుంది, చేతికి చిక్కదు. మోసానికి ఆ క్రమశిక్షణ ఉండదు, రెండోసారి వెళ్తే అక్కడ ఏమీ మిగలదు. తిరిగి వెళ్లినప్పుడు ఇంకా ఏదైనా ఇస్తోందా అన్నదే సరైన పరీక్ష.

బతుకులో దుఃఖం చాలదా, పుస్తకాల్లో పాటల్లో కూడానా అన్నది రెండో ఆక్షేపణ. ఇందులో కొంత న్యాయం ఉంది. మనసు ఇప్పటికే గాయపడినవారికి, పసిపిల్లలకు, బలవంతంగా వినవలసి వచ్చినవారికి ఇందాక చెప్పిన రక్షణ లేదు. రక్షణ లేనిచోట రసమూ లేదు. అటువంటివారు వీటిని పక్కన పెట్టడమే మంచిది. మిగతావారి విషయంలో మాత్రం తీయటి కళ ఒక్కటే మేలు చేస్తుందన్న మాట ఒప్పుకోలేను. హంగరీ స్వరకర్త లిగెతి తండ్రి, తమ్ముడు నాజీ నిర్బంధ శిబిరాల్లో చనిపోయారు. ఆయన 1965లో పూర్తి చేసిన మృతుల ప్రార్థనలో పదుల గొంతులు ఒకదాని మీదొకటి పేరుకుని, ఏ ఒక్క మాటా విడిగా వినపడని ఘోషగా మారతాయి. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో నల్ల శిల ఎదుట వినిపించేది అదే. ఆ అనుభవాన్ని తియ్యటి వరసలో పెట్టి ఉంటే అది అబద్ధమయ్యేది. తెలుగులో కాఫ్కాను తలుచుకుని కవితలే రాసిన త్రిపుర (1928–2013) కథల్లో మనుషులు ఎక్కడి నుంచి పారిపోతున్నారో, ఎటు పోతున్నారో సరిగా తేలదు. అర్థం కావడం లేదన్న ఫిర్యాదు ఆ కథల మీద ఉంది. నిలకడ లేని మనసును నిలకడైన కథలో చెబితే ఆ మనసు జారిపోతుంది. కొన్ని నిజాలకు వంకర దారి తప్పదు.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఒక వింత పుస్తకం చేతికి వస్తే, పది పుటల తర్వాత ఏమీ బోధపడటం లేదని మూసేయకండి. దీని అర్థమేమిటని అడగడం కాసేపు ఆపి, ఇది నాలో ఏం కదిలిస్తోందని గమనించండి. వరాళిలోని కృతిని ఆ స్వరాల ఒరిపిడి మీదే చెవి పెట్టి ఒకసారి వినండి. పెండెరెట్‌స్కీ కృతి తొమ్మిది నిమిషాలు కూడా లేదు, మధ్యలో ఆపకుండా వినండి. నచ్చకపోతే నచ్చలేదని నిర్భయంగా చెప్పండి, కానీ రెండోసారి విన్నాకే చెప్పండి. చదవబోయేది ఏమిటో, వినబోయేది ఏమిటో మన అభిరుచిని లెక్కగట్టి ఫోనే ముందుగా అందిస్తున్న ఈ కాలంలో, మనకు తెలిసిందే మళ్లీ మళ్లీ మన ముందుకు వస్తోంది. మన ఇష్టాయిష్టాలను లెక్కచేయకుండా ఎదురుపడే పుస్తకం, పాట ఇప్పుడు మనకు మునుపటి కంటే ఎక్కువ అవసరం.