చెట్టు మందేగా... ఏమవుతుందిలే!

"మందులేమైనా వాడుతున్నారామ్మా?" అని డాక్టరు గారు అడిగితే మనలో చాలామంది "ఏమీ లేదండీ" అనేస్తాం. పరగడుపున తాగే కషాయం, పక్కింటి పిన్నిగారిచ్చిన చూర్ణం గుర్తుకే రావు. అవి మన లెక్కలో మందులు కావు మరి! కానీ కాలేయం దెబ్బతిన్నప్పుడు అసలు కారణం దొరక్కుండా చేసేది ఈ మాటే.

కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని ఎంతోమంది తిప్పతీగ రసం తాగారు. 2020 సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య అలా తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని, వారిలో ఒకరు చనిపోయారని ముంబై డాక్టర్లు 2021లో రాశారు. దాన్ని పోలిన వేరే తీగను పొరబడి వాడి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. 2022లో 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి ఇలాంటి 43 మంది వివరాలు ప్రచురించారు. వారిలో సగానికి పైగా ఆడవాళ్ళే.

చదువుకున్నవాళ్ళు కూడా ఇలా ఎందుకు చేస్తారు? దీని వెనుక మన మనసు ఆడే ఆటలు మూడున్నాయి.

భయం: జబ్బు మన చేతుల్లో లేనప్పుడు, మన చేత్తో చేసే పని ఏదైనా ధైర్యాన్నిస్తుంది. కషాయం కాచి అందరికీ పోసి, తానూ ఓ గ్లాసు తాగితే ఇంటిని కాపాడుకున్నామన్న తృప్తి. భయం పెరిగేకొద్దీ మోతాదూ పెరుగుతుంది. వారం అనుకున్నది నెలలు సాగుతుంది.

నమ్మకం: "ఇంగ్లీషు మందులకే సైడ్ ఎఫెక్టులు, చెట్టు మందుకేముంటాయి?" అంటాం. గన్నేరు, ఉమ్మెత్త కూడా చెట్లే కదా! ఆకలి చచ్చిపోయి వికారం పెడుతుంటే "వేడి చేసిందిలే, మందు పనిచేస్తోంది" అని ఇంకా తాగుతాం. చివరికి కళ్ళు పచ్చబడితే పసరు మందుకి పరుగెడతాం. కలుషితమైన నీళ్ళు, తిండి వల్ల వచ్చే 'ఎ' రకం వైరస్ కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది. ఆకు మందుతోనే కాలేయం దెబ్బతిన్న మనిషికి మళ్ళీ ఏదో పసరు పోస్తే అగ్నికి ఆజ్యం పోసినట్టే.

మొహమాటం: ఇచ్చింది మేనత్తో, తోడికోడలో అయితే వాళ్ళ పేరు చెప్పడానికి నోరు రాదు. డాక్టరు తిడతాడని భయం. ఇంట్లోనేమో "నిన్నెవరు తాగమన్నారు?" అని కేకలు. దాంతో ఆవిడ నిజం దాచేస్తుంది. దాచినకొద్దీ పరీక్షలకి డబ్బులు ఖర్చు, చికిత్సకి ఆలస్యం. చాలామందికి ఆ మందు మానేస్తేనే కాలేయం కోలుకుంటుంది. ఆలస్యమైతే కొందరికి కాలేయ మార్పిడి దాకా వస్తుంది, ప్రాణం మీదికీ వస్తుంది.

అలాగని వంటింటి దినుసులకి భయపడనక్కర్లేదు. పప్పులో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల సారంతో కలిపి మాత్రల్లో కూరిన పసుపు సారం వేరు. ఆ మాత్రలతోనూ కాలేయం దెబ్బతిన్నవారున్నారు.

ఇవి గుర్తుంచుకోండి:

* డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చూర్ణం పొట్లం, లేహ్యం డబ్బా, పౌడరు సీసా అన్నీ సంచిలో వేసుకెళ్ళండి.

* నీరసం, వికారం, దురద, ముదురు రంగు మూత్రం, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే ఆ మందు వెంటనే ఆపి డాక్టరుకి చూపించుకోండి. లివర్ ఫంక్షన్ టెస్టు అనే రక్తపరీక్షలో విషయం తెలిసిపోతుంది.

* ఒకసారి పడని మందు మళ్ళీ ముట్టుకోవద్దు. రెండోసారి దెబ్బ ఇంకా గట్టిగా తగలొచ్చు.

* కాలేయ జబ్బు, షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఏ చూర్ణమూ మొదలుపెట్టకూడదు.

ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ముందు తిట్లు కట్టిపెట్టండి. "ఏం తాగావమ్మా, ఎన్నాళ్ళు తాగావు?" అని మెల్లగా అడగండి. మెల్లగా అడిగితేనే నిజం బైటికి వస్తుంది.